రోడ్డు పైనుంచి పోతోంది కదా, కింద వాళ్లకేంటి బాధ?

ఫ్లైఓవర్ల గురించి ఈ ప్రశ్న వినీవినీ విసుగొచ్చి ఈ వీడియో చేస్తున్నాను.

మీ హాలుకీ వంటింటికీ మధ్య ఎవరో గోడ కట్టి వెళ్లిపోయారనుకోండి. ఒక్క గది కూడా పోలేదు కాబట్టి నష్టపరిహారం అడగడానికీ లేదు. కాకపోతే మంచినీళ్లు కావాలంటే వీధి గుమ్మంలోంచి బయటపడి, సందు చుట్టి, పెరట్లోంచి రావాలి. ఎన్నిసార్లు తిరుగుతారు? రెండోరోజుకే వాటర్ క్యాన్ హాల్లోకి తెచ్చుకుని ఆ వైపు వెళ్లడం మానేస్తారు. ఊరి మధ్యలోంచి హైవే పోతే జరిగేది ఇదే. భూసేకరణ లెక్కల్లో కూల్చిన ఇళ్లు ఉంటాయి, మానుకున్న రాకపోకలు ఉండవు.

హైదరాబాద్‌లో స్తంభాల మీద కట్టిన మన పీవీ ఎక్స్‌ప్రెస్‌వే చూడండి. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్లు, ఎయిర్‌పోర్టుకి త్వరగా చేరడానికని 2009లో తెరిచారు. బైకుల్ని పైకి ఎక్కనివ్వరు, అంటే అత్తాపూర్‌లో బైకు మీద తిరిగేవాళ్లకి దక్కింది నీడా, స్తంభాలూ. ఆ స్తంభాల నెంబర్లనే మనవాళ్లు అడ్రసులు చేసేసుకున్నారు, "పిల్లర్ నెంబర్ 120 ఎదురుగా, మందుల షాపు పక్క సందు" అని. నాకిది భలే ఇష్టం. కానీ ఎదురుగా అంటే ఏ వైపు? అవతలి వైపైతే యూటర్న్ ఎక్కడుందో కూడా చెప్పాలి. అదిగో, గోడ.

అమెరికాలోని బోస్టన్‌లోనూ 1950ల్లో నడిబొడ్డున ఇలాగే స్తంభాల మీద సెంట్రల్ ఆర్టరీ అనే హైవే కట్టారు. నార్త్ ఎండ్ అనే ఇటాలియన్ల పేట డౌన్‌టౌన్ నుంచి తెగిపోయింది. తర్వాత ఆ రోడ్డుని సొరంగంలోకి దించి పైన పార్కు వేశారు. 1991లో మొదలైన పని 2007 దాకా సాగింది, ఖర్చు సుమారు 1,480 కోట్ల డాలర్లు. గోడ కట్టడం చవక, తీయడమే ఖరీదు!

సరే, గోడ తప్పదంటే గుమ్మం పెట్టాలి కదా, ఎక్కడ? జనం ఇప్పటికే దాటుతున్న చోట. డివైడర్‌లో ఎవరో ఇనప కడ్డీ వంచి చేసుకున్న సందు ఉంటుంది చూడండి, అండర్‌పాస్ రావాల్సింది సరిగ్గా అక్కడ. మనవాళ్లేమో ఫుట్ ఓవర్ బ్రిడ్జి కడతారు. వంటింటి గోడకి నిచ్చెన వేసి "దారి ఇచ్చాంగా" అన్నట్టు. కూరగాయల సంచితో, మోకాళ్ల నొప్పులతో అమ్మమ్మ ఎక్కుతుందా ఆ మెట్లు?

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా. చప్పుడు: బండ్లు సగానికి తగ్గినా తగ్గేది 3 డెసిబెల్సే, చెవికి తేడా అంతంతమాత్రమే, అందుకే వేగం తగ్గించడం, పక్కన అడ్డుగోడ కట్టడం కూడా చూడాలి. అవును, మళ్లీ గోడే. పైగా అది పనిచేయాలంటే మీ కిటికీకీ బండ్లకీ మధ్య చూపు అడ్డుపడాలి, మూడో అంతస్తు వాళ్లకి పొట్టి గోడతో ఒరిగేదేం లేదు.

కొన్నిచోట్ల అసలు గోడే అక్కర్లేదని తేలుతుంది. సియోల్‌లో చోంగ్యేచోన్ వాగు మీది ఎత్తు రోడ్డుని 2003లో కూల్చడం మొదలుపెట్టి, 2005 కల్లా 5.8 కిలోమీటర్ల వాగుని బయటికి తెచ్చారు. ఆ బండ్లన్నీ ఎటు పోయాయంటారా? పెద్ద కథ, దానికి విడిగా వీడియో చేస్తాను.