చక్రం తగిలినా పడకుండా: గుంపు రేసుకు ముందు చేయాల్సిన సాధన

అందరికీ నమస్కారం. మొదటి సైకిల్ రేసుకు పేరిచ్చినవాళ్లు ముందుగా అడిగేది రోజుకెన్ని కిలోమీటర్లు తొక్కాలని. దమ్ము పెంచుకోవడానికి మన హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ ఉంది, 2023 అక్టోబరులో తెరిచారు. తొక్కండి. కానీ దాని వెడల్పు 4.5 మీటర్లే. గుంపులో తగిలినా పడకుండా ఉండేందుకు ఒకరికొకరు తగులుతూ చేసే సాధన అక్కడ వద్దు, ఎదుటివాళ్లకు ప్రమాదం. దానికి గడ్డి మైదానం కావాలి. వాన పడి నేల మెత్తబడితే ఇంకా మేలు.

క్లీట్లు (బూటును పెడల్‌కు పట్టి ఉంచే బిళ్లలు) వద్దు, మామూలు పెడళ్లు బిగించండి. హెల్మెట్ తప్పనిసరి. ఇద్దరిద్దరుగా, నడక కంటే కాస్త ఎక్కువ వేగంతో పక్కపక్కనే తొక్కుతూ ముందు మోచేతులు, తర్వాత భుజాలు ఆనించుకోండి. మోచేయి వంచి వదులుగా ఉంచితే తోపు అక్కడే ఆగిపోతుంది. చెయ్యి చాచి బిగబడితే అదే తోపు నేరుగా హ్యాండిల్‌కు వెళ్తుంది.

ఇక అసలు విషయం, చక్రాలు రాసుకోవడం. పడేది దాదాపు ఎప్పుడూ వెనకవాడే. ముందువాడి వెనక చక్రం పక్కకు తిరగదు, ఆ తాకిడికి ఓర్చుకుంటుంది. మీ ముందు చక్రం తిరిగేది, నిలకడంతా దానిమీదే. ఆ చక్రం కుడివైపు తగిలిందనుకోండి, మీ హ్యాండిల్ ఎడమకు నెట్టుకుపోతుంది, ఒళ్లు కుడికి ఒరుగుతుంది. భయంతో మీరూ ఎడమకు లాగారా, కింద పడతారు. అందుకే మనసుకు ఎదురు పని చేయాలి: తగిలిన వైపుకే కొంచెం ఆని, నిలకడ దొరికాక తొక్కడం ఆపి వెనక్కి జారాలి. బ్రేకు గట్టిగా నొక్కొద్దు. గడ్డిమీద రెండువైపులా పదేసి సార్లు చేయండి. ఒక్కరోజులో రాదు, రెండు మూడు వారాలు పడుతుంది.

చక్రం తగలడానికి పెద్ద కారణం ఒకటి చాలామందికి తెలియదు. సీటు మీంచి లేచేటప్పుడు తొక్కుడు ఒక్క క్షణం ఆగుతుంది, సైకిల్ జానెడు వెనక్కి వచ్చినట్టవుతుంది. వెనకవాడు అర చక్రం దూరంలో ఉంటే అంతే సంగతి. పెడల్ కిందికి బలంగా నొక్కుతూ, ఆ ఊపులోనే లేవండి.

మలుపుల సంగతి క్లుప్తంగా: బ్రేకు మలుపుకు ముందే, బయటివైపు పెడల్ కిందికి, చేతులు హ్యాండిల్ కింది వంపు మీద, చూపు మలుపు దాటిన చోట.

చివరగా, వెనక్కి చూడటం. ఖాళీ పార్కింగ్‌లో తెల్ల గీత మీద తొక్కండి. వెనకున్న స్నేహితుడు వేళ్లు చూపిస్తాడు. గీత దాటకుండా తల తిప్పి ఎన్ని వేళ్లో చెప్పాలి, ఒకసారి ఎడమకు, ఒకసారి కుడికి.