అక్క పర్సులో సీసా

నమస్కారం. ఉగాది దాటిందంటే మన అనంతపురంలో ఎండా దుమ్మూ కలిసే వస్తాయి. ఇంటికొకరైనా కండ్లు నులుముకుంటూ కనిపిస్తారు. ఈ పూట కంటి చుక్కల గురించి మాట్లాడదామని వచ్చాను. అన్ని చుక్కల గురించీ కాదు, మా అక్క పర్సులో ఉండిన ఒక్క సీసా గురించి.

అక్కవాళ్లది గుత్తి దగ్గర పల్లె. వాళ్ల చిన్నోడికి ఎనిమిదేండ్లప్పుడు మొదలైంది ఈ నవ. పుస్తకం ముందు పెట్టుకుని కూడా చదవలేడు, రెండు పిడికిళ్లతో కండ్లు రుద్దుతూనే ఉంటాడు. తెల్లారితే కంట్లో దారంలా సాగే పుసి. వెలుతురు చూస్తే నీళ్లు. చలికాలం వస్తే ఏమీ ఎరగనట్టు తగ్గిపోతుంది. వేడి, పొడిగాలి ఉండే ఊర్లలో పిల్లలకు, అందులోనూ మగపిల్లలకు ఎక్కువగా వచ్చే అలర్జీ ఇది. చాలామందికి పెద్దయ్యేకొద్దీ దానంతటదే తగ్గుతుంది.

మొదటిసారి డాక్టరు చుక్కలు రాసిచ్చారు. వారం వాడి మళ్లీ రమ్మన్నారు. సాయంత్రానికే ఎరుపు తగ్గింది, రెండో రోజుకు నవ పోయింది. ఇంక మళ్లీ ఎవరు పోతారు? సీసా మాత్రం అక్క పర్సులో ఉండిపోయింది.

మరుసటి ఎండాకాలం ఆ ఖాళీ సీసానే మందుల షాపులో చూపించి, "అన్నా, ఇదే ఇంకొకటి ఇయ్యి" అంది. ఇచ్చారు. చీటీ అడగలేదు. ఆ ఏడంతా అదే సీసా, అదే చుక్క. ఆపై ఏడు కూడా అదే సీసా, అదే చుక్క.

బోర్డు సరిగా కనపడడం లేదని వాడంటే, అద్దాల కోసమని అనంతపురం తీసుకెళ్లాం. నేనూ వెంట ఉన్నాను. డాక్టరమ్మ కంటి ప్రెజర్ కొలిచింది. మామూలుగా అది 10 నుంచి 21 మధ్య ఉంటుంది. వీడికి 28. "ఏం చుక్కలేస్తున్నారమ్మా?" అంటే అక్క పర్సులోంచి సీసా తీసిచ్చింది. ఆమె లేబుల్ చదివి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

అది డెక్సామెథసోన్. స్టెరాయిడ్, అంటే వాపునూ ఎరుపునూ తొందరగా అణిచే మందు. డాక్టరు చూస్తూ, లెక్కగా వాడితే మంచి మందే. చూసేవాళ్లు లేకుండా నెలల తరబడి వేస్తే కంట్లో ప్రెజర్ పెరిగి చూపునరం దెబ్బతినొచ్చు, గ్లాకోమా అంటారు దాన్ని. శుక్లం కూడా రావచ్చు. నొప్పి ఉండదు. ఎరుపు ఉండదు. పైగా నవ తగ్గి ఉంటుంది. ఇంక ఎవరికి అనుమానం వస్తుంది చెప్పండి?

మావాడి అదృష్టం, నరానికి ఏమీ కాలేదు. చుక్కలు మార్చాక కొన్ని వారాలకు ప్రెజర్ దిగింది. ఇప్పుడు ఓలోపటడిన్ అనే అలర్జీ చుక్కలు, రెండు పూటలా ఒక్కో చుక్క. ఇందులో స్టెరాయిడ్ లేదు. "దీంతో అంత తొందరగా తగ్గదే" అని అక్క మొదట్లో సణిగింది. నిజమే, ఇది నవ పుట్టకుండా కూడా కాసే మందు, రోజూ వేస్తేనే పూర్తిగా పని చేస్తుంది. మధ్యలో నవ పుడితే కుండనీళ్లలో తడిపిన శుభ్రమైన గుడ్డ కండ్ల మీద వేసుకుంటాడు. నాకైతే సగం మందు ఆ గుడ్డే అనిపిస్తుంది.

కాబట్టి ఖాళీ సీసా పట్టుకుని షాపుకు పోవద్దు. అలాంటి చుక్కలు ఇప్పటికే వేస్తున్నవాళ్లు భయపడి ఉన్నపళంగా మానేయొద్దు కూడా. అదే సీసా పట్టుకుని కంటి డాక్టరు దగ్గరికి పోండి.

ఇంకొక్క మాట. ఒక్క చుక్క చాలు, కంట్లో అంతకంటే పట్టదు, మిగిలింది చెంప మీదికే. వేశాక కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలను ఒకటి రెండు నిమిషాలు వేలితో అదిమి ఉంచితే గొంతులోకి చేదు పెద్దగా దిగదు.

అక్క ఇప్పుడు సీసా తెరిచిన రోజే దాని మీద తేదీ రాస్తుంది. నెల దాటితే, సగం మిగిలినా పారేస్తుంది. మా బావ మాత్రం ఆ సగం సీసా వైపు చూసి ప్రతిసారీ నిట్టూరుస్తాడు.

ఉంటాను, నమస్కారం.