మన ప్యాసింజర్ బండికి ఎంత స్పీడు చాలు? మహబూబ్‌నగర్, నల్లగొండ లైన్ల రివ్యూ

నమస్కారం అండి. వందే భారత్‌లో సీట్లు ఎలా ఉన్నాయి, భోజనం ఎలా ఉంది అని చూపించే వీడియోలు చాలా వచ్చాయి. ఈరోజు మనం మాట్లాడుకునేది ప్రతి స్టేషన్‌లో ఆగే ప్యాసింజర్ బండి గురించి. ఒకటి కాచిగూడ నుంచి షాద్‌నగర్, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ వెళ్లే లైన్. ఇంకోటి సికింద్రాబాద్ నుంచి నల్లగొండ, మిర్యాలగూడ వెళ్లే లైన్. ఈ బండ్లలో ప్రయాణం ఎలా ఉంది, అసలు వీటికి ఎంత స్పీడు ఉంటే సరిపోతుంది, అది చూద్దాం.

స్పీడుతోనే మొదలుపెడతాను. రైలు స్పీడు అనగానే 130, 160 అని పెద్ద అంకెలు చెప్తాం. ప్రయాణికుడికి ఆ అంకెలతో పని లేదు. ఎక్కినప్పటి నుంచి దిగేదాకా ఎంతసేపు పట్టింది, చెప్పిన టైముకు దింపిందా లేదా, అదే కావాలి. కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందే భారత్‌నే తీసుకోండి. 2023 సెప్టెంబర్‌లో మొదలైనప్పుడు సుమారు 610 కిలోమీటర్లకు ఎనిమిదిన్నర గంటల టైము ఇచ్చారు. 180 దాకా పరుగెత్తేలా తయారుచేసిన బండి, సగటు చూస్తే 72 దగ్గర తేలింది. రైల్వే లెక్కలో సగటున 55 దాటితే సూపర్‌ఫాస్ట్ అనే పేరు కూడా ఇచ్చేస్తారు.

ఇప్పుడు స్క్రీన్ మీద ఉన్న లెక్క చూడండి. వంద కిలోమీటర్ల ప్రయాణం. సగటు 30 ఉంటే మూడు గంటల ఇరవై నిమిషాలు. అదే 60కి పెంచితే గంటా నలభై. అంటే వంద నిమిషాలు మిగిలాయి. ఇంకోవైపు 130 మీద పోయే బండిని 160కి పెంచితే అదే దూరంలో మిగిలేది తొమ్మిది నిమిషాలు. ఖర్చేమో రెండోదానికే ఎక్కువ. పట్టాలు, సిగ్నళ్లు, కంచెలు, అన్నీ మార్చాలి.

మన లైన్‌కు ఇదే లెక్క వేశాను. వంద కిలోమీటర్లలో పదిహేను స్టాపులు అనుకుందాం. బండి 100 మీద పోతే పరుగుకే గంట. ఒక్కో స్టాపులో నిమిషం ఆగడం, బ్రేకు వేయడానికి, మళ్లీ అందుకోవడానికి ఇంకో నిమిషంన్నర. మొత్తం గంటా ముప్పై ఏడు నిమిషాలు, సగటు 60 పైనే. గరిష్ఠ వేగాన్ని 130కి పెంచితే? ఆగిన ప్రతిసారీ ఆ స్పీడు అందుకోవడానికి ఇంకాస్త టైము పోతుంది కాబట్టి ఐదారు నిమిషాలకు మించి మిగలదు. అందుకే నా మాట ఇది: మన ప్యాసింజర్‌కు 100, మహా అయితే 110 చాలు, కానీ స్టాపు కాని చోట దారిలో ఎక్కడా ఆపకూడదు. మెము బండ్లు, అంటే వేరే ఇంజన్ లేకుండా కరెంటుతో నడిచే లోకల్ బండ్లు, ఈ పనికి బాగా సరిపోతాయి. వాటి మోటార్లు రైలు పొడవునా కొన్ని బోగీల కిందే ఉంటాయి, అందుకే ఆగిన చోటి నుంచి చురుగ్గా లేస్తాయి.

మరి టైము ఎక్కడ పోతోంది? క్రాసింగ్‌లో. సింగిల్ లైన్ మీద ఎదురుబండి వస్తుంటే ఒకటి స్టేషన్‌లో పక్కనుండే లూప్ లైన్‌లోకి వెళ్లి నిలబడాలి. ఆ లూప్‌లోకి మలుపు దగ్గర వేగం 15 లేదా 30 మాత్రమే ఉంటుంది, ఆఖరి బోగీ లోపలికి వచ్చేదాకా అలా పాకాల్సిందే. ఆగేది ఎప్పుడూ మన ప్యాసింజరే. ఒక సాయంత్రం నేనెక్కిన బండిని ఇలాగే చిన్న స్టేషన్‌లో పెట్టేశారు. ముందు ఒక ఎక్స్‌ప్రెస్ పోయింది, సిగ్నల్ పడలేదు. తర్వాత గూడ్సు పోయింది, అయినా పడలేదు. బోగీలో మైకు లేదు, ఎందుకు ఆగామో చెప్పేవాళ్లు లేరు. నా ఎదురుగా కూర్చున్న పెద్దమ్మ కొడుక్కి ఫోన్ చేసి, "ఆఖరి బస్సు పోతే బండేసుకుని రా బిడ్డా" అంటోంది. బండి కదిలేసరికి ఆ బస్సు వెళ్లిపోయి ఉంటుంది. "ఇరవై నిమిషాలు ఆగుతుంది" అని ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఆ టెన్షన్ సగం తగ్గేది. ఆ ఒక్క ప్రకటనకు ఖర్చేముంది చెప్పండి!

నల్లగొండ లైన్ మీద ఈ బాధ ఎక్కువ. నారాయణాద్రి, శబరి, ఫలక్‌నుమా, తిరుపతి వందే భారత్, అన్నీ ఆ లైన్ మీదే. పైగా విష్ణుపురం వైపు సిమెంటు, మిర్యాలగూడ బియ్యం. బండ్ల మధ్య స్పీడు తేడా పెరిగేకొద్దీ నెమ్మది బండి ఎక్కువసేపు దారి ఇవ్వాలి. ఒక వేగవంతమైన రైలు ఇచ్చామని సంబరపడేటప్పుడు దాని కోసం ఎన్ని బండ్లు ఆగాయో కూడా చూడాలి. నల్లగొండ మీదుగా పోయే గుంటూరు–బీబీనగర్ లైన్ డబ్లింగ్‌కు, అంటే రెండో లైన్ వేయడానికి, 2023 ఆగస్టులో కేంద్ర క్యాబినెట్ ఆమోదం తెలిపింది. నల్లగొండకు కొత్త రైలు కన్నా ఆ రెండో లైనే ముఖ్యం అంటాను.

మహబూబ్‌నగర్ నయం. ఒకప్పుడు మీటర్ గేజ్ నడిచిన దారి ఇది. 85 కిలోమీటర్ల డబ్లింగ్, విద్యుదీకరణ సుమారు 1,410 కోట్లతో పూర్తిచేసి 2023 ఏప్రిల్ 8న జాతికి అంకితం చేశారు. కానీ రెండు లైన్లు వేశాక బండ్లు కూడా పెరగాలి కదా. పొద్దున ఆఫీసు టైముకు, సాయంత్రం తిరుగు టైముకు దొరికే బండ్లు డైలీ ప్యాసింజర్లకు సరిపోవడం లేదు. జడ్చర్లలో ఎక్కినవాళ్లు షాద్‌నగర్ దాటేసరికి ఒంటికాలి మీద నిలబడాల్సి వస్తోంది. దేవరకద్ర, గద్వాల వాళ్లకు ఇంకా రెండో లైను పూర్తిగా అందాల్సి ఉంది. మహబూబ్‌నగర్–డోన్ డబ్లింగ్‌కూ అదే 2023 ఆగస్టులో ఆమోదం వచ్చింది.

స్విట్జర్లాండ్ వాళ్లు దీన్ని వేరే దారిలో ఆలోచించారు. 1987లో ప్రజల ఓటుతో రైల్ 2000 అనే పథకం తీసుకున్నారు. ఎంత వేగం సాధ్యమో అంత కాదు, టైంటేబుల్‌కు ఎంత కావాలో అంతే. బెర్న్, జ్యూరిక్ మధ్య ప్రయాణాన్ని గంట లోపుకు తెచ్చారు. బండ్లన్నీ గంటకోసారి అదే నిమిషానికి వచ్చి ఒకదానికొకటి అందుతాయి. ఆ గంట కోసం అవసరమైనచోటే 200 స్పీడు కొత్త లైన్ వేశారు. మనకూ మహబూబ్‌నగర్ నుంచి గంటకో మెము, ఎప్పుడూ అదే నిమిషానికి బయల్దేరితే, ఎవరూ టైంటేబుల్ వెతకనక్కర్లేదు.

మిగతావి త్వరగా చెప్తాను. టికెట్ ధర బాగుంది. కరోనా టైములో కనీస చార్జీ పది నుంచి ముప్పైకి పెంచారు, 2024 ఫిబ్రవరిలో మళ్లీ పదికి తెచ్చారు. ఫ్యాన్లు, లైట్లు పర్వాలేదు. మరుగుదొడ్లలో నీళ్లు మాత్రం బయల్దేరిన గంటకే అయిపోతున్నాయి, ఆడవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు ఇది చాలా ఇబ్బంది. చిన్న స్టేషన్లలో ప్లాట్‌ఫాం మీద నీడ లేదు, ఎండాకాలం మన పాలమూరులో అది ఎలా ఉంటుందో మీకు తెలుసు.

టైంటేబుల్‌లో ఇంకో సంగతి గమనించండి. చివరి స్టేషన్ ముందు కొంచెం దూరానికే చాలా ఎక్కువ టైము రాసి ఉంటుంది. దారంతా ఆలస్యమైన బండి అక్కడికి వచ్చేసరికి "రైట్ టైమ్" అయిపోతుంది. మధ్యలో దిగినవాళ్ల ఆలస్యం ఎక్కడా లెక్కలోకి రాదు. ప్రతి స్టేషన్‌లో టైము కొలిచి చెప్పాలి.

నా సలహా: షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్ వాళ్లు సిటీకి రైలే ఎక్కండి, సీజన్ పాస్ తీసుకుంటే బస్సు కన్నా బాగా కలిసొస్తుంది. నల్లగొండ, మిర్యాలగూడ వాళ్లు పరీక్షకో, ఇంటర్వ్యూకో వెళ్తుంటే ప్యాసింజర్‌ను నమ్ముకోకండి, దానికి ముందు వెళ్లే ఎక్స్‌ప్రెస్‌లో జనరల్ టికెట్ తీసుకోండి.