కన్ను వెనక్కి వెళ్లినప్పుడు

శ్రోతలకు నమస్కారం.

ఎవరైనా పుస్తకం చదువుతుంటే వాళ్ల కళ్లకేసి ఎప్పుడైనా చూశారా? చూపు పంక్తి వెంట నీళ్లలా జారిపోతుందనుకుంటాం. నిజానికి గెంతుతుంది. కొన్ని అక్షరాలు దాటి, సుమారు పావు సెకను ఆగి, మళ్లీ గెంతుతుంది. పది గెంతుల్లో ఒకటైనా వెనక్కే ఉంటుంది. ఏదో మాట అందలేదు, ఈ వాక్యం ముందు వాక్యంతో అతకలేదు. కన్ను వెనక్కి వెళ్లి సరిచూసుకుని వస్తుంది. చదవడంలో నాకు అన్నిటికన్నా నచ్చే పని ఇదే. ఇప్పుడు మీరు వింటున్న ఈ మాటల్లో ఒకటి జారిపోయిందనుకోండి, వెనక్కి వెళ్లి పట్టుకోలేరు. రేడియోతో వచ్చిన చిక్కే అది. అచ్చు పేజీకి ఆ ఇబ్బంది లేదు. మనకు ఆ వెనక్కి వెళ్లే అలవాటే తప్పిపోతోందని నా అనుమానం.

జనం చదవడమే మానేశారంటే నేనొప్పుకోను. లేచింది మొదలు మెసేజ్‌లు, హెడ్డింగులు, వీడియోల కింద సబ్‌టైటిళ్లు... ఇన్ని అక్షరాలు ఏ తరం కంటా పడి ఉండవు. కాకపోతే వేలితో తెరను పైకి తోసుకుంటూ పోయేవాడికి వెనక్కి చూడాల్సిన అవసరం రాదు. అర్థం కాలేదా, కింద ఇంకోటి ఉంది.

లెక్కలు కూడా ఏమంత బాగా లేవు. పదిహేనేళ్ల పిల్లలకు అనేక దేశాల్లో పెట్టే పిసా పరీక్షలో, చదివి అర్థం చేసుకోవడంలో ఓఈసీడీ (ఎక్కువగా సంపన్న దేశాలున్న కూటమి) దేశాల సగటు 2018 నుంచి 2022 నాటికి 10 పాయింట్లు పడిపోయింది. కోవిడ్‌లో బడులు మూతపడ్డాయి కదా అంటారు. నిజమే, కానీ కొన్ని దేశాల్లో ఈ జారుడు అంతకు ముందే మొదలైంది. పిల్లల్ని తిట్టే హక్కు పెద్దలకూ లేదు. 2023లో 31 చోట్ల పెద్దవాళ్ల చదివే సామర్థ్యాన్ని పరీక్షిస్తే, పదేళ్ల కిందటి కంటే మెరుగుపడ్డవి రెండే దేశాలు: ఫిన్లాండ్, డెన్మార్క్. మిగతావాళ్లు ఉన్నచోటే ఉన్నారు, లేదా వెనకబడ్డారు.

మాట్లాడటం పిల్లలకు వింటూనే వచ్చేస్తుంది. చదువు అలా రాదు. రాత పుట్టి ఐదు వేల ఏళ్లు దాటింది, అంతే. మెదడులో దానికంటూ పుట్టుకతో వచ్చిన గది లేదు. ఆకారాలను, ముఖాలను గుర్తుపట్టే చోటులోనే కాస్త జాగా అడిగి కూర్చున్న అద్దెదారు అది. అద్దె కట్టడమంటే సాధనే.

ఇక రాత సంగతి. చైనాలో చాలామంది ఫోన్లో ఉచ్చారణ కొట్టి, తెర చూపించిన అక్షరాల్లోంచి ఒకటి ఎంచుకుంటారు. చూస్తే గుర్తుపడతారు, చేత్తో రాయమంటే ఆగిపోతారు. ‘కలం ఎత్తితే అక్షరం గుర్తురాదు’ అని దానికి వాళ్ల భాషలో ఒక నానుడే ఉంది. మన అక్షరమాల అంత కష్టమైంది కాదు. అయినా ‘థ’నా ‘ధ’నా, పొట్టలో చుక్క ఉండాలా వద్దా అని నా పెన్ను గాల్లో ఆగిన రోజులున్నాయి. ‘అర్థం’ రాయబోయి ‘అర్ధం’ రాస్తే చేతికి సగమే వస్తుంది మరి.

ఈమధ్య ఒక మిత్రుడి తండ్రి పోయారు. ఫోన్లో రెండు అక్షరాలు కొట్టానో లేదో, మిగతా వాక్యం అదే అందించింది. నొక్కేశాను. అటు నుంచీ చేతులు జోడించిన బొమ్మ వచ్చింది. మా ఇద్దరి మధ్యా అంతకు మించి ఏమీ లేదా అని ఆ రాత్రి మనసొప్పలేదు. కాగితం తీసుకున్నాను. మొదటి వాక్యం కొట్టేశాను, రెండోదీ కొట్టేశాను. మూడోది బాగానే ఉందిగానీ ఎక్కడో చదివినట్టుంది. ఐదోసారికి, చిన్నప్పుడు ఆయన నాకు సైకిల్ నేర్పిన సంగతి రాశాను. అప్పటిదాకా అది నాకే గుర్తు లేదు.

ఫేర్ చేద్దామనుకుని, ఎందుకులే అని కొట్టివేతలతోనే పోస్టు చేశాను.