ఛార్జర్ మీద పెద్ద అంకె కాదు, పక్కనున్న చిన్న ప్లేటు చూడండి

నమస్తే. కొత్తగా పెడుతున్న హై వోల్టేజ్ ఫాస్ట్ ఛార్జర్ల నుంచి మన ఎలక్ట్రిక్ కారు ఎంత పవర్ తీసుకోగలదో, గన్, అంటే ఛార్జర్ కేబుల్ చివరి ప్లగ్, కారుకి పెట్టకముందే లెక్క కట్టడం ఇవాళ చూద్దాం.

పైన పెద్దగా 350 కిలోవాట్లు అని ఉందే, దాన్ని కాసేపు పక్కన పెట్టండి. పక్కనో వెనకో చిన్న ప్లేటు ఉంటుంది. ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నాను. అవుట్‌పుట్ డీసీ, 200 నుంచి 1000 వోల్టులు, గరిష్ఠం 500 ఆంపియర్లు. మనకు కావాల్సింది ఈ ఒక్క లైనే.

వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు. మీ కారు బ్యాటరీ 400 వోల్టులదైతే, 400 ఇంటూ 500, అంటే 200 కిలోవాట్లు. బోర్డు మీద ఎంత రాసినా అంతకు మించి రాదు. 800 వోల్టుల కారైతే ఇదే కేబుల్ 350 మొత్తం ఇవ్వగలదు. తీసుకునే సత్తా కారుకి ఉండాలి, అది వేరే సంగతి.

మరి ఆంపియర్లే పెంచొచ్చుగా అంటారేమో. కరెంటు రెట్టింపైతే కేబుల్లో వేడి నాలుగింతలవుతుంది. ఈ కేబుల్లో ఇప్పటికే చల్లబరిచే ద్రవం తిరుగుతోంది. ఇంకా లావు చేస్తే ఎత్తడానికి ఇద్దరు కావాలి! అందుకే 2019లో పోర్షే టైకాన్, 2021లో హ్యుందాయ్ అయానిక్ 5, కియా ఈవీ6 వోల్టేజ్ పెంచే దారి పట్టాయి. 2025లో చైనా కంపెనీ బీవైడీ ఏకంగా 1000 వోల్టులకు వెళ్లింది.

ఇక్కడో తిరకాసుంది. ప్లేటు మీద గరిష్ఠం 500 వోల్టులే అని ఉంటే అది పాత తరం ఛార్జర్. 800 వోల్టుల కారు దానికి పెడితే, మిగతా వోల్టేజ్ కారే లోపల పెంచుకోవాలి. అయానిక్ 5 అందుకు తన మోటారునీ, దాన్ని నడిపే ఇన్వర్టర్‌నీ వాడుకుంటుంది. తొలి టైకాన్‌లో మామూలుగా వచ్చే, వోల్టేజ్ పెంచే కన్వర్టర్‌తో 50 కిలోవాట్లే దక్కేవి. అంత ఖరీదైన కారుకి అదేం ఖర్మో!

ఇప్పుడు గన్ పెడదాం. క్లిక్ మనేదాకా నొక్కండి. స్క్రీన్ చూడండి: 720 వోల్టులు, 300 ఆంపియర్లు. గుణిస్తే 216 కిలోవాట్లు. పక్క గన్‌కి ఇంకో కారు వచ్చాక ఇది సగానికి పడితే టెన్షన్ పడకండి, చాలా ఛార్జర్లు పవర్‌ని రెండు గన్‌లకీ పంచుతాయి. పక్కన ఎవరూ లేకుండానే మొదటి నుంచీ తక్కువ వస్తోందా? బ్యాటరీ చల్లగా ఉండి ఉండొచ్చు. ఈసారి బయల్దేరేటప్పుడే కారు నావిగేషన్‌లో స్టేషన్ పేరు పెట్టండి. ఆ సదుపాయమున్న కార్లు దారిలోనే బ్యాటరీని వేడి చేసుకుంటాయి.

బ్యాటరీ 80 శాతం దాటింది, చూశారా, ఆంపియర్లు జారిపోతున్నాయి. నేనైతే ఇక్కడే ఆపేస్తాను.