ఆ అమ్మాయిని ఎవరూ ఎందుకు ప్రశ్నించలేకపోయారు?

[తెర మీద: వాషింగ్టన్, 1990 అక్టోబర్ 10]

కువైట్‌ను ఇరాక్ ఆక్రమించిన రోజులవి. అమెరికా చట్టసభ సభ్యుల ముందు సాక్ష్యం చెప్పడానికి వచ్చింది ఓ పదిహేనేళ్ల అమ్మాయి. పేరు నయీరా అని మాత్రమే చెప్పారు. కువైట్‌లో ఉన్న బంధువులకు ముప్పని ఇంటిపేరు దాచారు. ఇరాక్ సైనికులు ఆసుపత్రిలో జొరబడి, ఇంక్యుబేటర్లలోంచి పసికందులను తీసి చల్లటి నేల మీద వదిలేశారని, అది తాను కళ్లారా చూశానని ఏడుస్తూ చెప్పింది.

మీరే ఆ గదిలో ఉన్నారనుకోండి. "ఏ రోజు చూశావమ్మా? పక్కన ఇంకెవరున్నారు?" అని అడగడానికి నోరొస్తుందా? అడిగితే పసిబిడ్డల చావును కూడా శంకించే రాతిగుండె మనిషి అంటారు. ప్రశ్న అడగడమే పాపమనిపించిన క్షణాన యుద్ధప్రచారం గెలిచేస్తుంది. వేలమంది లెక్క విని తట్టుకునే మనసు, ఒక్క బిడ్డను తలచుకుంటే తట్టుకోలేదు. ఆ జాలి మనలోని మంచితనమే. దాన్నే వాడుకున్నారు.

అమెరికా అధ్యక్షుడు బుష్ ఈ కథను పదేపదే చెప్పారు. ఇరాక్ అధ్యక్షుడు సద్దాంను హిట్లర్‌తో పోల్చారు. ఎదుటివాడు హిట్లర్ అయ్యాక, చర్చలన్నవాడు పిరికివాడే కదా!

[తెర మీద: 52–47]

1991 జనవరి 12న అమెరికా సెనేట్ ఈ కొద్ది తేడాతో ఇరాక్‌పై యుద్ధానికి ఒప్పుకుంది.

ఏడాది తర్వాత అసలు సంగతి బయటపడింది. ఆమె అమెరికాలోని కువైట్ రాయబారి కూతురు. ఆ సాక్ష్యం వెనక హిల్ అండ్ నోల్టన్ అనే ప్రచార సంస్థ ఉంది. దానికి ముట్టిన డబ్బు దాదాపు అంతా కువైట్ ప్రభుత్వానిదే. ఇంక్యుబేటర్ల కథకు ఆధారం దొరకలేదు.

ఆక్రమణ మాత్రం నిజం. హత్యలు, చిత్రహింసలు నిజం. అప్పుడు అక్కడున్న మన తెలుగువాళ్లు ఎందరో కట్టుబట్టలతో తిరిగొచ్చారు. అన్ని నిజాల మధ్య ఈ ఒక్క కథను ఇరికించడం, నిజంగా చనిపోయినవాళ్లకు చేసిన ద్రోహం.

[తెర మీద: సిన్సినాటి, 2002 అక్టోబర్ 7]

ఈసారి అధ్యక్షుడు కొడుకు బుష్. జాలి బదులు భయం. ఇరాక్ అణ్వాయుధాల గురించి తిరుగులేని ఆధారం కోసం కూర్చుంటే, అది అణుబాంబు మేఘమై రావచ్చన్నారు. అంటే రుజువు అడగడమే ప్రాణాల మీదికి తెచ్చుకోవడం!

అయినా ఒకాయన అడిగారు. ఇరాక్‌లో ఆయుధాల కోసం వెతుకుతున్న ఐక్యరాజ్యసమితి తనిఖీల అధిపతి హాన్స్ బ్లిక్స్. 2003 మార్చి 7న భద్రతా మండలిలో, మిగిలిన పనికి కొన్ని నెలలు పడుతుందన్నారు. రెండు వారాలు తిరక్కుండానే బాగ్దాద్ మీద బాంబులు పడ్డాయి. ఆ తర్వాత అమెరికా బృందాలే ఇరాక్ అంతా గాలించాయి. అణ్వాయుధం దొరకలేదు.