వన్నామి రొయ్యలతో కేసడియా

చెల్లి: నమస్కారం, నెల్లూరు నుంచి మా వంటింటి పాడ్‌కాస్ట్‌కి స్వాగతం. ఈరోజు కేసడియా. రొట్టెలో చీజ్ పెట్టి, మడిచి, పెనం మీద కాల్చే మెక్సికో వంట. అక్కా, నువ్వు ఇందులో రొయ్యలు వేస్తావు. చీజ్‌తో రొయ్యలేంటని వినేవాళ్లు అడుగుతారేమో.

అక్క: అడగనీ, చెప్తా. మెక్సికోలో పసిఫిక్ తీరాన మజట్లాన్ అని ఒక రేవు ఉంది, రొయ్యలకి పేరున్న ఊరు. అక్కడ టాకో గోబెర్నదోర్ అని చేస్తారు. రొయ్యలు, చీజ్, ఉల్లిపాయ, మిరపకాయ రొట్టెలో పెట్టి కరకరలాడేలా కాలుస్తారు. ఆ రాష్ట్ర గవర్నర్ కోసం చేసిన వంట కాబట్టి ఆ పేరు. ఇంకో సంగతి. ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు చెరువుల్లో పెంచే వన్నామి ఉందే, దాని సొంతూరు కూడా ఆ పసిఫిక్ తీరమే.

చెల్లి: మన వన్నామా!

అక్క: అవును. ఇంతకుముందు ఇక్కడ అంతా టైగర్ రొయ్యే కదా. 2009లో మన దేశంలో వన్నామి సాగుకి అనుమతి ఇచ్చాకే ఇది వచ్చింది. అందుకే నాకు ఈ వంటంటే అంత ఇష్టం. వాళ్ల రొయ్య మన చెరువులో ఉంది, వాళ్ల వంట మన పెనం మీద చేస్తే ఎంత బాగుంటుందో!

చెల్లి: సరే, రొట్టె సంగతి. మొక్కజొన్న పిండితో చేయాలా?

అక్క: బజార్లో దొరికే మామూలు మొక్కజొన్న పిండితో రాదు. వాళ్లు గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, కడిగి రుబ్బుతారు. ఆ సున్నం వల్లే ముద్ద విరగకుండా సాగుతుంది. మనకి మైదా మేలు, ఉత్తర మెక్సికోలో గోధుమ రొట్టెలే ఎక్కువ. రెండు కప్పుల మైదాకి మూడు చెంచాల నూనె, కాస్త ఉప్పు, గోరువెచ్చటి నీళ్లు. అరగంట మూతపెట్టి, పలచగా వత్తి, ముప్పావు వంతే కాల్చి గుడ్డలో చుట్టి పెట్టు. బాగా కాలిస్తే మడిచేటప్పుడు విరిగిపోతుంది.

చెల్లి: చీజ్ బదులు పనీర్ వేయొచ్చా?

అక్క: పనీర్ కరగదే. పులుపుతో విరిచిన పాలు కదా, వేడి తగిలేకొద్దీ గట్టిపడుతుంది. మొజరెల్లా తెచ్చుకో. వాళ్ల ఒహాకా చీజ్‌నీ మొజరెల్లాలాగే వేడినీళ్లలో సాగదీసి చేస్తారు, కాబట్టి తీగలు సాగుతాయి.

చెల్లి: మరి రొయ్యలు? నీళ్లు వదులుతాయి కదా.

అక్క: ఇక్కడ తొందరపడకూడదు. నరం తీసి కడిగాక ఉప్పు, పసుపు పట్టించి కాసేపు పక్కన పెట్టు. ఊరిన నీళ్లు పారబోసి గుడ్డతో అద్దు. వెడల్పు మూకుట్లో, పెద్ద మంట మీద, కొన్ని కొన్ని వేసి వేయించు. కుప్పగా పోస్తే వేగవు, ఉడుకుతాయి. రంగు తిరిగి వంకీ కట్టగానే దించెయ్. పెనం మీద మళ్లీ వేడి తగులుతుంది, ఇక్కడే ఎక్కువ వేగితే రబ్బరులా సాగుతాయి. ఉల్లిపాయ, టమాటా విడిగా వేయించు, తడి పూర్తిగా ఆరాలి. ఏ కాస్త తడి ఉన్నా రొట్టె మెత్తబడిపోతుంది.

చెల్లి: కారం?

అక్క: కారం దోశకి పూసే ఎర్రకారమే. ఎండుమిర్చి, వెల్లుల్లి, ఉల్లిపాయ రుబ్బింది. ఒక చెంచా నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించి రొట్టె లోపల పలచగా రాయి. మిరప పుట్టిల్లు కూడా మెక్సికో వైపేనమ్మా. పోర్చుగీసు వాళ్లు తేకముందు మనకి ఘాటంటే మిరియాలే.

చెల్లి: ఇక కాల్చడమేనా?

అక్క: సన్నసెగ మీద. రొట్టెలో సగానికి చీజ్, పైన రొయ్యలు, మళ్లీ చీజ్, మడిచెయ్. కిందా పైనా చీజ్ ఉంటే రెండు వైపులూ అతుక్కుంటుంది, తిప్పినా కూరింది జారదు. ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు. దించాక ఒక నిమిషం ఆగి కోస్తే చీజ్ కారిపోదు.

చెల్లి: పిల్లల బాక్సులో పెట్టొచ్చా?

అక్క: రొయ్యలది వద్దు, మన ఎండలకి పాడవుతుంది. రొట్టెలు పొద్దున్నే చేసి ఉంచు, రొయ్యలు ఫ్రిజ్‌లో పెట్టు. సాయంత్రం వాళ్లు బడినుంచి రాగానే వేడివేడిగా కాల్చి ఇవ్వు. బాక్సులోకైతే ఆలుగడ్డ, చీజ్ పెట్టు. మెక్సికోలో అదీ చేస్తారు.